పరుగుకు బలం ఇంటి నుంచే

పోలీసు ఉద్యోగాల ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. దానికోసం తెల్లవారుజామునే మైదానానికి వెళ్ళే యువతీ యువకులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. సరైన నిద్ర, తిండి లేకుండా శక్తికి మించి పరిగెత్తి, కొందరు కళ్ళు తిరిగి పడిపోతుంటారు. ఎంత ఎక్కువ పరిగెత్తితే అంత బలం వస్తుందనుకోవడం పొరపాటు. వ్యాయామంతో అలసిన కండరాలు విశ్రాంతి తీసుకునేటప్పుడే కోలుకుని బలపడతాయి. అందుకే ఇంటివారి శ్రద్ధ చాలా అవసరం.

నిద్ర: 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజూ 8 నుంచి 10 గంటలు, పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. పడుకునే ముందు సెల్‌ఫోన్ పక్కన పెట్టించండి. వారానికి ఒక రోజైనా పరుగుకు సెలవివ్వాలి.

ఆహారం: పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు చాలు. తిరిగి వచ్చాక ఇడ్లీ, పెసరట్టు, ఉడికించిన శనగలు, గుడ్డు వంటివి పెట్టండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు.

రక్తహీనత: ఆడపిల్లలు త్వరగా ఆయాసపడుతుంటే బద్ధకమని కోప్పడకండి. రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము శరీరానికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే అది సరిగా అందదు.

ఎండ, నీరు: వేసవిలో ఎండ ఎక్కకముందే సాధన ముగించాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగాలి. మొదట పది నిమిషాలు నడిచి, ఆ తర్వాతే పరుగు మొదలుపెట్టాలి. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి.

ఇవి ప్రమాద సూచనలు: పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉంటే, సాధన మొదలుపెట్టకముందే గుండె పరీక్ష చేయించాలి. ఎండలో ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ కావచ్చు. 108కి ఫోన్ చేసి, నీడలోకి చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివారికి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఈరోజు ఎంత వేగంగా పరిగెత్తావని పిల్లలను అడిగే ముందు, రాత్రి బాగా నిద్రపోయావా, ఏమైనా తిన్నావా అని అడగండి.