కడపటి పంట నీలం

శీతల దేశాలవారు ఆలస్యంగా పండే యాపిళ్ళను చల్లని గదులలో దాచి చలికాలమంతా తింటారు. ఆ చెట్టు బాగా పూయాలంటే ముందు చాలా వారాలు గట్టి చలి తగలాలి. మన తిరువళ్ళూరు, తిరుత్తణి సీమలో అంత చలి ఎక్కడిది? మనకు ఆ లోటు తీర్చేది నీలం మామిడి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మదరాసు రాష్ట్రంలో చేరినది గాని, అటూ ఇటూ మామిడి రుచి ఒక్కటే.

బంగినపల్లి తగ్గుముఖం పట్టే వేళ, జూన్, జూలై నెలలలో నీలం అందుతుంది. కాయ చిన్నదే, కాని ఏటా కాస్తుంది, నిలువ ఉంటుంది, దూరప్రయాణానికి ఓర్చుకొంటుంది. ఈ గుణాల రకాన్నే ఉత్తరాది దశేరితో సంకరపరచి ఢిల్లీ శాస్త్రజ్ఞులు 1970 దశకంలో మల్లిక, ఆమ్రపాలి రకాలు తీసినారు. తొడిమతో కోసి, సొన కారనిచ్చి, గడ్డిమీద మాగవేస్తే పండు చెడదు.

దీని శత్రువు టెంకపురుగు. పిందెమీద గ్రుడ్డు పెడుతుంది; పిల్లపురుగు తొలుచుకొని టెంకలో చేరుతుంది. పైగాయం మానిపోతుంది గనుక కోసేదాకా గుట్టు తెలియదు. కొన్నవారు ఒకసారి మోసపోతే మళ్ళీ నీలం జోలికి రారు. పెద్దపురుగులు బెరడు పగుళ్ళలో దాగి మరుసటి పూతకు బయలుదేరుతాయి.

అందుచేత మేము కోరేది ఒక్కటే. రాలిన కాయలు ఏరి కాల్చివేయండి. తిన్న టెంకలను తోటలో విసరక పొయ్యిలో వేయమని పిల్లలకు చెప్పండి. ఒకరి అశ్రద్ధ ఊరందరి పంటకు చేటు.