దువ్వెన పళ్ళు తోమవద్దా?

పిల్లలూ, పొద్దున లేవగానే మీరు పళ్ళు తోముకుంటారు గదా! మీ యింట్లోనే అద్దం దగ్గర గూట్లో 40, 50 పళ్ళున్నది ఒకటి ఉన్నది. దాని పళ్ళు ఎవరు తోముతున్నారు? ఇవాళ ఆ దువ్వెనను ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. పళ్ళ మొదట్లో బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది. ముట్టుకుంటే వేలికి జిడ్డు అంటుతుంది.

ఆ ముద్ద ఎక్కడినుంచి వచ్చింది? మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా రోజుకు 50 నుంచి 100 దాకా రాలుతూనే ఉంటాయి. అందుచేత దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనిపిస్తే బెంగపడకండి. వెంట్రుకలతోబాటు తలచర్మం పొలుసులుగా రాలుతుంది. చర్మంలో ఉండే చిన్న చిన్న గ్రంథులు నూనెవంటి జిడ్డును ఊరిస్తాయి. దానికి అమ్మ రాసే కొబ్బరినూనె తోడవుతుంది. ఇక బెజవాడ ఎండాకాలం దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా? ఇవన్నీ కలిసి ముద్ద కట్టాయన్నమాట. ఆదివారం కుంకుడు రసంతో వదిలించుకున్న జిడ్డును, సోమవారం అదే దువ్వెనతో మళ్ళీ తలకెక్కించుకుంటున్నారు!

ఉత్త నీళ్ళతో కడిగితే ఇది పోదు. ఎందుకో మీరే చూడవచ్చు. రెండు గ్లాసుల్లో సగం దాకా నీళ్ళు పోసి, ఒక్కొక్కదానిలో నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేయండి. నూనె పైన తేలుతుంది. ఒక గ్లాసులో మాత్రం రెండు చెంచాల కుంకుడు రసం పోసి, రెంటినీ అరచేత్తో మూసి బాగా కుదపండి. ఉత్త నీళ్ళలో నూనె కాసేపటికి మళ్ళీ పైకి చేరుతుంది. కుంకుడు రసం పోసిన గ్లాసులో మాత్రం నీళ్ళు తెల్లబడి, నూనె సన్నని బిందువులుగా నీటిలోనే ఉండిపోతుంది. కుంకుడులో సాపోనిన్లు అనే పదార్థాలున్నాయి. వాటి అణువుకు ఒక కొన నూనెను పట్టుకుంటే, రెండో కొన నీటిని పట్టుకుంటుంది. ఆ నీటిని పారబోస్తే నూనె కూడా దానివెంట పోవలసిందే. సబ్బు చేసే పనీ ఇదే.

నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి సుమా. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారి సీసాలో నూనె గడ్డకట్టడం చూశారు గదా? దువ్వెన పళ్ళ మీదా అంతే.

ఇక పని మొదలుపెట్టండి. ముందు వెంట్రుకలు తీసేయాలి. కుచ్చు బ్రష్షులో అవి బాగా చిక్కుకుంటాయి. తలపిన్నుతో కొంచెం పైకెత్తి, కత్తెరతో కత్తిరిస్తే ఊడివస్తాయి. ఆ వెంట్రుకలు కూడా వృథా కావు. వాటిని తీసుకొని, బదులుగా స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ వీధుల్లో తిరుగుతున్నారు. వాటితో సవరాలూ, విగ్గులూ తయారవుతాయి. మన కృష్ణా జిల్లా కూచిపూడిలో పూర్వం మగవాళ్ళే సత్యభామ వేషం కట్టేవారు. సవరం లేకపోతే భామకు అంత పొడుగు జడ ఎక్కడిది?

ప్లాస్టిక్ దువ్వెనను కుంకుడు నీళ్ళలో పది నిమిషాలు నానవేసి, నాలాగే ఉద్యోగం విరమించిన పాత పళ్ళబ్రష్షుతో తోమండి. చెక్క దువ్వెనను నానవేయరాదు. అది నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు పగులుతుంది. తడిబట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో తుడవండి. రబ్బరు మెత్త ఉన్న బ్రష్షును కూడా ముంచకండి. ఆ మెత్తకు సన్నని రంధ్రం ఉంటుంది. లోపలికి పోయిన నీరు త్వరగా బయటికి రాదు. కుచ్చును మాత్రం నురుగుతో తోమి, నీడలో కుచ్చు కిందికి ఉండేలా బోర్లించి ఆరబెట్టాలి.

బ్రష్షు శుభ్రం చేయడం ఎంత చికాకో అమెరికాలో ఒకామె బాగా గ్రహించింది. న్యూయార్కులో ఉండిన లైడా న్యూమన్ అనే నల్లజాతి మహిళ, మురికి చేరడానికి లోపల ఒక అర, శుభ్రం చేయడానికి తెరుచుకునే వీపు గల బ్రష్షును తయారుచేసి, 1898 నవంబరు 15న పేటెంటు పొందింది. తరవాత ఆమె స్త్రీలకు ఓటుహక్కు రావాలని కూడా పనిచేసింది.

ఇప్పుడు పేల సంగతి. ఈ మాట రాగానే కొందరు ముక్కు ముడుస్తారు. నేను పనిచేసిన ఒక బడిలో, అయిదో తరగతి పిల్ల జడలో పేను కనిపించిందని తోటిపిల్లలు బెంచీ మీదనుంచి లేచిపోయారు. ఆ పిల్ల రెండు వారాలు బడికి రాలేదు. తప్పు ఆమెది కాదు. శుభ్రంగా తలంటుకునే పిల్లలకూ పేలు పడతాయి. పేను ఎగరలేదు, దూకలేదు. తలకు తల తగిలినప్పుడు పాకుతుంది. అంతకంటే తక్కువే అయినా, ఇంటిల్లిపాదీ వాడే ఒకే దువ్వెన మీదుగా కూడా రావచ్చు. ఆ పిల్ల ఇంట్లో అయిదుగురికీ కలిపి ఒకటే దువ్వెన.

కనుక పేలు పడితే ఇంట్లో అందరి తలలూ పేల దువ్వెనతో దువ్వాలి. ఈపులు పగలడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకని ఒక్కసారితో ఆపకుండా రెండు వారాలపాటు రెండు మూడు రోజులకొకసారి దువ్వాలి. ప్లాస్టిక్ దువ్వెనలను 54 డిగ్రీలకు తగ్గని వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచితే పేలూ, ఈపులూ చస్తాయి. మరిగే నీళ్ళు ఒక చెంబు, 30 డిగ్రీల నీళ్ళు ఒక చెంబు కలిపితే ఎంత వేడి అవుతుంది? లెక్క మీరు వేయండి, నీళ్ళు మాత్రం అమ్మ చేతే పోయించండి. చెక్కవీ, కొమ్మువీ ఆ నీళ్ళలో వేయకండి. కొమ్ము మెత్తబడి వంగిపోతుంది. వాటిని కాగితంలో చుట్టి వారం రోజులు పక్కన పెడితే చాలు. తలను వదిలిన పేను రెండు రోజులకంటే బతకటం అరుదు.

పేల బాధ కొత్తది కాదు. ఇజ్రాయెల్లోని లాఖీష్ అనే పురాతన నగరంలో 2016లో చిన్న దంతపు దువ్వెన ఒకటి దొరికింది. దాని వయస్సు సుమారు 3,700 ఏళ్ళు. దానిమీద గీసిన 17 అక్షరాలను 2022లో చదివారు. జుట్టులోనూ, గడ్డంలోనూ ఉన్న పేలను ఈ దువ్వెన పోగొట్టాలని ఎవరో కోరుకున్నారు! సూక్ష్మదర్శినితో చూస్తే ఒక పంటిమీద పేను అవశేషం కూడా కనిపించింది. ఆ దువ్వెన పళ్ళు ఎవరూ తోమలేదన్నమాట!