ఎలుగుబంటికి మత్తు సూది.. తుపాకీ ఎత్తకముందే తేలిపోయే గురి! డార్ట్ నింపేటప్పుడు ఏం చూస్తారంటే..

ఉద్దానంలో జీడి, పనస పండే సీజన్ వచ్చిందంటే ఎలుగుబంట్ల భయం కూడా వచ్చినట్టే. మందస, పలాస, వజ్రపుకొత్తూరు నుంచి ఇటు భావనపాడు తీరం వైపు ఊళ్ల దాకా, తెల్లారుజామున తోటకి వెళ్లాలంటే ఒంటరిగా ఎవరూ కదలరు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఏం జరిగిందో ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా చివరికి బతకలేదు.

అలాంటప్పుడు జనం నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. "తుపాకీ ఉంది కదా, దూరం నుంచి ఒక్క సూది కొడితే అయిపోదా?" అయిపోదు. ఎందుకో తెలియాలంటే ఆ తుపాకీలో పెట్టే డార్ట్ గురించి ముందు తెలుసుకోవాలి.

మామూలు తూటా ఫ్యాక్టరీలో తయారై వస్తుంది. డార్ట్ అలా కాదు. ప్రతిసారీ అక్కడికక్కడే చేత్తో నింపుకోవాల్సిందే. నిజానికి అది ఎగిరే సిరంజి. ముందు భాగంలో మందు, వెనక గదిలో గాలి ఒత్తిడి, మధ్యలో పిస్టన్. సూదికి రంధ్రం కొనలో ఉండదు, పక్కన ఉంటుంది. దానిపై చిన్న సిలికాన్ తొడుగు వేస్తారు. సూది కండలో దిగగానే తొడుగు వెనక్కి జరుగుతుంది, రంధ్రం తెరుచుకుంటుంది, వెనకున్న గాలి మందును లోపలికి నెడుతుంది. ఆ తొడుగుకి చిన్న గాటు పడినా మందు దారిలోనే కారిపోతుంది. సూది సరిగ్గా తగిలినా ఎలుగు పడదు! అందుకే గాలి ఎక్కించాక కాసేపు ఆగి ఎక్కడైనా చెమ్మ కనిపిస్తోందా అని చూస్తారు. ఈ పని చేసేటప్పుడు గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ మందు మనిషి ఒంటిపై పడినా ప్రమాదమే.

ఇక గురి విషయానికి వస్తే అసలు లెక్క బరువుది. డార్ట్ సగమే నిండితే లోపల ద్రవం అటూ ఇటూ ఊగుతుంది, ఎగిరే దారి మారిపోతుంది. అందుకే మందు తక్కువైతే శుభ్రమైన నీళ్లు కలిపి గది మొత్తం నింపుతారు. ప్రాక్టీస్‌లో కూడా ఖాళీ డార్ట్ వాడకూడదు. అదే కొలతలో నీళ్లు నింపి కొట్టి చూడాలి. వెనక కుచ్చు నలిగిందా, డార్ట్ గొట్టం వంగిందా, సూది నిటారుగా ఉందా.. ఇవన్నీ చూశాకే బ్యారెల్‌లోకి వెళ్తుంది. నేలపై దొర్లిస్తే వంకర ఇట్టే తెలిసిపోతుంది.

క్రీడల్లోనూ సూత్రం ఇదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌నే తీసుకోండి. అందులో 10 పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. ఆ స్థాయి షూటర్లు ఏ బ్యాచ్ పెల్లెట్ తమ రైఫిల్‌కి కుదురుతుందో ముందే పరీక్షించి ఎంచుకుంటారు. అయితే వాళ్ల లక్ష్యం కదలదు. ఇక్కడ లక్ష్యం కదులుతుంది, పైగా తిరిగి మీదకొస్తుంది.

డార్ట్ తుపాకుల్లో చాలావాటికి శక్తినిచ్చేది కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. దూరాన్ని బట్టి మీటర్ చూసి ఒత్తిడి సెట్ చేయాలి. ఈ రకం తుపాకీతో కొట్టే దూరం సాధారణంగా 20 నుంచి 40 మీటర్ల లోపే. 30 మీటర్లని 20 అనుకున్నారో, డార్ట్ ఎలుగు కాళ్ల ముందు పడుతుంది. 20ని 30 అనుకుంటే ఇంకా ఘోరం.. బరువైన సూది ఎముకను విరిచేయొచ్చు, పొట్టలోకి దూసుకుపోవచ్చు. కాబట్టి కంటి అంచనా కాదు, రేంజ్ ఫైండర్ కావాలి. ఎండకి గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది. ఉదయం నీడలో కుదిరిన సెట్టింగ్ మధ్యాహ్నం ఎండలో కుదరదు.

దీనికి తోడు ఉద్దానం తోటల సంగతి వేరే. జీడి కొమ్మలు నేల దాకా వాలి ఉంటాయి. చిన్న ఆకు తగిలినా డార్ట్ పక్కకి పోతుంది. సముద్రం గాలి సరేసరి! ఎలుగుకి ఒళ్లంతా పొడవాటి జుట్టు, కింద కొవ్వు. పొట్టి సూది అయితే మందు కండకి చేరదు, కొవ్వులో పడితే నెమ్మదిగా ఎక్కుతుంది. భుజం, తొడ లాంటి పెద్ద కండలకే గురి పెట్టేది అందుకే.

సినిమాల్లో సూది తగలగానే జంతువు కుప్పకూలుతుంది కదా.. అది సినిమా. నిజంగా మందు ఎక్కడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటికే జనం అరుపులకి, రాళ్లకి బెదిరి పరుగెత్తిన ఎలుగుకి మందు ఆలస్యంగా పనిచేస్తుంది. ఒళ్లు వేడెక్కిపోతే దాని ప్రాణానికే ముప్పు. రెండో డార్ట్ వేయాలా వద్దా అన్నది డాక్టర్‌కి కత్తి మీద సామే.

ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉంది. మత్తిచ్చి పట్టుకోవాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. అనుమతి వచ్చి, డాక్టర్ వచ్చి, డార్ట్ నింపేదాకా ఆలస్యమవుతోందని ఊళ్లో కోపం రావడం సహజమే. కానీ ఆ నింపే పది నిమిషాల్లో తొందరపెడితే నష్టపోయేది తోటలో ఉన్నవాళ్లే.

టీమ్ వచ్చినప్పుడు ఊరివాళ్లు చేయగలిగింది ఇంతే.. ఇళ్లలో ఉండడం, ఫోన్లు పట్టుకుని వెంట పడకపోవడం, డాబాల పైనుంచి కేకలు వేయకపోవడం. ఇంకో విషయం. గురి తప్పిన డార్ట్ తర్వాత తోటలో ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. లోపల మందూ, గాలి ఒత్తిడీ రెండూ అలాగే ఉండొచ్చు. అక్కడ ఒక గుర్తు పెట్టి అటవీ సిబ్బందికి చెప్పండి, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.