మురుగులో పోతున్న సిరి

మనం వాడి విడిచిన నీరు మోరీలో కలిసిపోగానే దానితో మన సంబంధం తీరిపోయిందని భావిస్తాం. కాని అది తీరదు. హైదరాబాదు మురుగునీటిలో చాలా భాగం మూసీలో కలుస్తుంది. నగరం దాటాక నదీతీర రైతులు ఆ నీటినే పొలాలకు మళ్ళించి పారాగడ్డిని, మరింత దిగువన వరిని పండిస్తున్నారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు తిరిగి నగరంలోని వంటగదులకే చేరుతున్నాయి.

రైతు ఈ నీటిని కోరుకోవడానికి కారణం లేకపోలేదు. వానలు లేకున్నా ఇది ఏడాది పొడవునా పారుతుంది. పైగా ఇందులో ఎరువు ఉంది. మురుగునీటి పరిమాణంలో మూత్రం వాటా నూటికి ఒక వంతైనా ఉండదు. అయినా గృహ మురుగునీటిలోని నత్రజనిలో దాదాపు 80 శాతం, భాస్వరంలో సుమారు సగం దాని నుంచే వస్తాయి. గనుల్లో తవ్వే భాస్వర శిలను మన దేశం విదేశాల నుంచి కొంటూ, ఇంట్లో పుట్టే భాస్వరాన్ని నదుల పాలు చేస్తోంది. అక్కడ అది గుర్రపుడెక్కను పెంచి చెరువుల ఊపిరి తీస్తోంది.

అయితే శుద్ధిచేయని మురుగు పొలానికి వరం కాదు. అందులోని ఏలికపాముల గుడ్లు, రోగక్రిములు ముందుగా కాళ్ళు తడిపి పనిచేసే కూలీలకు, ఆపైన పచ్చి ఆకుకూరలు తినేవారికి హాని చేస్తాయి. శుద్ధికేంద్రంలో చెత్తను వడగట్టి, మడ్డిని తేర్చి, గాలి అందించి, సూక్ష్మజీవుల చేత మలినాలను తినిపించి, చివరకు క్రిములను నశింపజేస్తారు. వేరుపడిన మడ్డి నుంచి వంటగ్యాసు వంటి వాయువు లభిస్తుంది. ఆ మడ్డి నుంచి వేరుచేసిన ద్రవానికి మెగ్నీషియం కలిపితే భాస్వరం, కొంత నత్రజని 'స్ట్రువైట్' అనే స్ఫటికాలుగా పేరుకుంటాయి. అవి నెమ్మదిగా కరిగే చక్కని ఎరువు.

అశుద్ధమైన నీరు మళ్ళీ పరిశుద్ధం కాగలదా అన్న సందేహం మన ఇళ్ళల్లో సహజం. సౌదీ అరేబియా ప్రముఖ పండితుల మండలి 1978లోనే దీనిని పరిశీలించింది. రంగు, రుచి, వాసనలలో మాలిన్యపు జాడ లేకుండా శుద్ధిచేసిన నీరు తిరిగి పరిశుద్ధమవుతుందని, ఆరోగ్యానికి హాని లేకుంటే వుజూకు సైతం వాడవచ్చని తీర్మానించింది. జోర్డాన్‌లో అమ్మాన్, జర్ఖా నగరాల మురుగునీరు అస్సమ్రా కేంద్రంలో శుద్ధి అయి, కింగ్ తలాల్ జలాశయం మీదుగా జోర్డాన్ లోయ పొలాలకు చేరుతోంది.

శుద్ధికేంద్రాలు కట్టవలసింది ప్రభుత్వమే. కాని వాటికి చేరే నీరు ఎలా ఉండాలో నిర్ణయించేది మన ఇల్లు. వాడిన నూనె, రంగులు, గడువు తీరిన మందులు మోరీలో పోస్తే వాటిని తొలగించడం ఎంతో కష్టం. ఖుర్బానీ రోజున రక్తాన్ని, పేగులను కాలువల్లోకి వదలడం కూడా అటువంటిదే. ఇక మస్జిదులో వుజూ చేసిన నీటిలో మలినం చాలా స్వల్పం. దానిని మరుగుదొడ్ల నీటిలో కలపకుండా వేరే గొట్టం ద్వారా ఆవరణలోని చెట్లకు మళ్ళించడానికి పెద్ద ఖర్చు కాదు.

మనం మోరీలోకి వదిలేది ఏదో ఒక రైతు మడిలోకి చేరుతుంది. అక్కడ అది ఎరువుగా చేరాలా, విషంగా చేరాలా అన్నది కొంతవరకైనా మన చేతుల్లోనే ఉంది.