స్మార్ట్ సిటీ టెండర్లలో గోప్యత పద్దు

నగర కూడలిలో బిగించిన ఒక నిఘా కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున దృశ్యాలు పంపుతోందనుకుందాం. రోజుకు అవి 43 గిగాబైట్లు దాటుతాయి, నెలకు దాదాపు 1.3 టెరాబైట్లవుతాయి. అలాంటి కెమెరాలు వెయ్యి ఉన్న నగరం ముప్పై రోజుల దృశ్యాలు దాచాలంటే 1,300 టెరాబైట్ల నిల్వ కావాలి. బిడ్ వేసే ప్రతి కంపెనీ ఈ లెక్క కట్టి, డిస్కుల ఖరీదును ధరల పట్టికలో చూపిస్తుంది. ఆ దృశ్యాలను చూసే అధికారం ఎవరిది, ఎవరు ఎప్పుడు చూశారో ఎక్కడ నమోదవుతుంది, గడువు తీరాక నిజంగా చెరిపేశారా అన్నవాటికి మాత్రం ఆ పట్టికలో విడిగా వరుస కనిపించడం అరుదు. డేటా భద్రతకు తగిన చర్యలు తీసుకోవాలన్న షరతు ఒకటి రాసి ఊరుకుంటారు. ఆ షరతుకు ఎంత ఖర్చవుతుందో తేల్చుకోవలసిన పని బిడ్డర్ల మీద పడుతుంది.

ఖర్చంతా ఎన్‌క్రిప్షన్‌దే అనుకుంటారు చాలామంది. నేటి ప్రాసెసర్లు ఆ పనిని హార్డ్‌వేర్‌లోనే చేసేస్తాయి కనుక దాని భారం స్వల్పం. ఎన్‌క్రిప్షన్ కీల సంరక్షణ అలా కాదు. వాటిని ప్రత్యేక పరికరంలో భద్రపరచాలి, ఎప్పటికప్పుడు మార్చాలి, ఉద్యోగి మానేసిన రోజే అతని అనుమతులు రద్దు కావాలి. బయటికిచ్చే దృశ్యాల్లో సంబంధం లేనివారి ముఖాలు మసకబరచాలంటే గణన సామర్థ్యం అదనంగా కావాలి. వీటన్నిటికంటే బరువైనది మనుషుల జీతం. సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లోగా తనకు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. వేళగాని వేళ జరిగే దాడిని గుర్తించాలన్నా, గడువులోగా తెలియజేయాలన్నా రాత్రింబవళ్లు నిఘా ఉండాలి. వారానికి 168 గంటలు. మనిషి 48 గంటలు పనిచేసినా ఒక్క కుర్చీకే నలుగురు కావాలి. నిర్వహణ ఒప్పందం అయిదేళ్లదైతే ఈ జీతాలు అయిదేళ్లూ చెల్లించాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ లెక్కకు మరో కోణం తెచ్చింది. డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థదే బాధ్యత అంటుంది ఆ చట్టం. స్మార్ట్ సిటీలో ఆ స్థానం సాధారణంగా నగరపాలక సంస్థకో, దాని ప్రత్యేక కంపెనీకో దక్కుతుంది. తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. పని చేసిపెట్టే ప్రైవేటు కంపెనీని కట్టడి చేసేది ప్రధానంగా ఒప్పందమే. అందువల్ల నష్టమేదైనా కంపెనీయే భరించాలన్న షరతు టెండరులోకి వస్తుంది. ఆ ముప్పును నిజాయితీగా లెక్కగట్టిన కంపెనీ ధర పెరుగుతుంది. పట్టించుకోని కంపెనీ అందరికంటే తక్కువ ధర చూపిన బిడ్డరుగా, అంటే ఎల్-1గా నిలిచి టెండరు గెలుస్తుంది. సాంకేతిక మార్కులు కలిపి చూసే పద్ధతిలోనూ, గోప్యతకు మార్కులు కేటాయించకపోతే ఫలితం ఇదే. అంత ముప్పును మోయలేని చిన్న కంపెనీలు బిడ్ జోలికే రావు. పౌరుల సమాచారాన్ని కాపాడతామన్నవారే ఓడిపోయే పోటీ న్యాయమైనది కాదని గట్టిగా చెప్పవలసి ఉంది.

అందుకే గోప్యతకయ్యే ఖర్చుల పద్దును ధరల పోటీ నుంచి బయటికి తీయాలి. ఆ మొత్తాన్ని నగరపాలక సంస్థే ముందుగా నిర్ణయించి ధరల పట్టికలో విడిగా చూపితే బిడ్డర్లందరికీ అది సమానమవుతుంది. స్వతంత్ర ఆడిట్‌లో రుజువైన మేరకే చెల్లిస్తే అది కాగితం మీది హామీగా మిగలదు.

అంతకన్నా ముందు, డేటా ఎంత కావాలో తేల్చుకోవాలి. ట్రాఫిక్ సిగ్నల్ సమయాలు సరిచేయడానికి వాహనాల సంఖ్య చాలు, నంబరు ప్లేట్లు అక్కర్లేదు. పోలీసు అవసరాలకు ముప్పై రోజుల బదులు పదిహేను రోజులు సరిపోతే పై ఉదాహరణలోని నిల్వ 650 టెరాబైట్లకు తగ్గుతుంది, దొంగల చేతికి చిక్కగలిగేదీ అంతే తగ్గుతుంది. భద్రత పెరుగుతూ ఖర్చు తగ్గే సందర్భాలు ఈ రంగంలో అరుదు. టెండరు రాసేవారు మొదట ఆలోచించవలసింది డేటాను ఇలా తగ్గించడం గురించే.

2015 జూన్‌లో ఆరంభమైన స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చితో ముగిసింది. విశాఖపట్నం, తిరుపతి, కాకినాడ, అమరావతి, వరంగల్, కరీంనగర్ సహా వంద నగరాల్లోని కమాండ్ కంట్రోల్ సెంటర్లను ఇక ఆయా నగరాలే నిర్వహించుకోవాలి. డేటా చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. ఈలోగా కుదిరే నిర్వహణ ఒప్పందాల్లో చాలావరకు ఆ తేదీని దాటి నడిచేవే. గోప్యత పద్దు ఆ టెండరు ప్రకటనల్లోనే ఉండాలి.