వినికిడి తగ్గితే వెల్లుల్లి నూనె చాలునా?

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ విని వచ్చిన అత్తగారు, "మృదంగం బాగానే వినబడిందే అమ్మాయ్, పాటలో మాటలే తెలియలేదు" అన్నారనుకోండి. పరాకుగా విన్నారని తీసిపారేయకండి. వయసుతో వచ్చే చెవుడు చాలామందిలో అలాగే మొదలవుతుంది. లోచెవిలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు దెబ్బతింటే మళ్ళీ పుట్టవు. ముందు సన్నని శబ్దాలు పోతాయి. అందుకే స, శ, త లాంటి అక్షరాలు చెవికి ఆనవు.

నూనె పోయవచ్చా?

మన ఇళ్ళల్లో వెంటనే వెల్లుల్లి కాచిన నూనె సిద్ధమవుతుంది. ఆయుర్వేదంలో మారేడుతో చేసే బిల్వతైలమూ ఉంది. కానీ చెవిలో వేసిన నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది. గట్టిపడ్డ గులిమి మెత్తబడడానికి పనికొస్తుందేమో గానీ, పోయిన కణాలను తేలేదు. కర్ణభేరికి చిల్లు ఉన్నా, చీము కారుతున్నా ఏ నూనే వేయకూడదు.

చెవిలో హోరుకని కొందరు గింకో ఆకు సారంతో చేసిన బిళ్ళలు వాడతారు. వీటివల్ల పెద్దగా ప్రయోజనం కనబడలేదని 2022 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. పైగా ఆస్పిరిన్ లాంటి మందులు వాడేవారికి రక్తస్రావం కావచ్చు. డాక్టరుని అడగందే వేసుకోకండి.

తూలుడుకి శొంఠి?

శొంఠి కషాయం వికారాన్ని కాస్త తగ్గించవచ్చు, అంతే. మంచంమీద పక్కకి తిరగ్గానే గది గిర్రున తిరిగితే, లోచెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి ఉండవచ్చు. 1992లో డాక్టర్ జాన్ ఎప్లీ ప్రచురించిన పద్ధతిలో డాక్టరు తలను ఒక వరుసలో తిప్పి వాటిని సర్దుతారు. చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గుతుంది.

మీరు చేయవలసినవి

* కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి నారాయణగూడకి దగ్గరే. గులిమి చూపించి, వినికిడి పరీక్ష చేయించండి.
* ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే ఆ రోజే వెళ్ళండి. తూలుడుతో పాటు మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పట్టుతప్పినా క్షణం ఆలస్యం వద్దు.
* బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రికి చిన్న లైటు పెట్టించండి. జారే పట్టాలు తీసేయండి.
* వంటింట్లోంచి కేకలేయకుండా, మిక్సీ ఆపి, ఎదుట నిలబడి నిదానంగా మాట్లాడండి.

చెవి మిషన్ పెట్టుకోవడం నామోషీ కాదు, కళ్ళజోడు లాంటిదే. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక పెద్దావిడ మీ మొహం చూస్తారు. అప్పుడు "ఏం లేదులెండి" అనకండి. ఆ మాటేదో మళ్ళీ చెప్పండి.