రాయిని తొలిచి కట్టిన గుడి – బొజ్జన్నకొండ

ఈసారి విహారయాత్రలో మా తొమ్మిదో తరగతి వాళ్ళం బొజ్జన్నకొండకు వెళ్ళాము. రాని వాళ్ళకు తెలియాలని, వచ్చే ఏడు వెళ్ళేవాళ్ళకు పనికి వస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

అనకాపల్లికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో శంకరం అనే ఊరు ఉంది. బౌద్ధ భిక్షువులు కలిసి ఉండే చోటును సంఘారామం అంటారు. ఆ మాటే జనం నోట్లో నలిగి శంకరం అయ్యిందని చెప్తారు. ఊరి దగ్గర రెండు కొండలు ఉన్నాయి. తూర్పున ఉన్నది బొజ్జన్నకొండ, పడమర ఉన్నది లింగాలకొండ. బుద్ధుని కొండే బొజ్జన్నకొండ అయ్యిందట.

1906లో అలెగ్జాండర్ రే అనే ఆయన ఇక్కడ తవ్వకాలు జరిపించారు. సముద్రగుప్తుని బంగారు నాణెం కూడా దొరికింది. క్రీ.శ. 4 నుండి 9వ శతాబ్దం వరకు ఈ చోటు బాగా వెలిగింది.

మెట్లెక్కి వెళ్తే పెద్ద గుహ వస్తుంది. ఇది మన కొండల్లో ఎలుగులు పడుకునే గుహ లాంటిది కాదు. మనుషులు ఉలి, సుత్తి పట్టి తొలిచినది. గుమ్మానికి అటూ ఇటూ ద్వారపాలకులు, పైన కూర్చున్న బుద్ధుడు ఉన్నారు. లోపల 16 స్తంభాలు, మధ్యలో స్తూపం. అన్నీ ఆ కొండరాయిలోనివే. బయట నుండి తెచ్చి నిలబెట్టినవి కావు. కొండ మీద రాతితో చెక్కి, చుట్టూ ఇటుక పేర్చిన పెద్ద స్తూపం ఉంది. లింగాలకొండ మీద చిన్న చిన్న రాతి స్తూపాలు వరసగా ఉన్నాయి. అవి లింగాల్లా కనబడతాయి కాబట్టి కొండకు ఆ పేరు వచ్చింది.

ఇది ఎంత కష్టమైన పనో నాకు మా అయ్య వల్ల అర్థమయ్యింది. మా అయ్య రోడ్డు పనికి రాళ్ళు కొడతాడు. నన్ను చూడ్డానికి ఆదివారం హాస్టలుకి వచ్చినప్పుడు ఈ గుహ సంగతి చెప్పాను. "గోడ వంకరొస్తే ఇప్పేసి మళ్ళీ కట్టొచ్చమ్మా. రాయి ఒక దెబ్బ ఎక్కువ పడితే అంతే, మరి అతకదు" అన్నాడు. నిజమే కదా! ఇల్లు కట్టడం అంటే ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోవడం. గుహ అంటే ఒక్కొక్కటీ తీసుకుంటూ పోవడం. స్తంభం ఎక్కడ మిగలాలో ముందే మనసులో ఉండాలి. ఉంచాల్సింది పొరపాటున కొట్టేస్తే ఇంక స్తంభం లేదు.

అంత పని చేసిన వాళ్ళ పేర్లు నేను వెతికితే ఎక్కడా కనబడలేదు. కానీ ఒక రాతి మీద చూడ్డానికి వచ్చిన వాళ్ళెవరో మేకుతో తమ పేరు గీకారు. మా ఇంట్లో పేరు రాయడం నేర్చిన మొదటి మనిషిని నేనే. పేరు రాయడం ఎంత సంతోషమో నాకు తెలుసు. అయినా దానికి పలక ఉంది, నోటుబుక్కు ఉంది, ఈ గోడపత్రిక ఉంది. రాతి మీద గీత చెరపడానికి డస్టర్ లేదు.

పూర్వం కనుమ పండుగ రోజున జనం ఇక్కడికి వచ్చి, బొజ్జన్న రాక్షసుడనుకొని రాళ్ళు వేసేవారట. తెలిసినవాళ్ళు నచ్చచెప్పి మాన్పించారు. తెలియక చేసినది చెప్తే మానేశారు. చదువుకున్న మనం తెలిసి పాడుచేస్తే ఏమనాలి?

వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి:
1. బొమ్మల మీద ఎక్కరాదు, గీకరాదు.
2. ఇటుక ముక్క కూడా తీసుకురాకూడదు.
3. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పాడుచేస్తే చట్టప్రకారం 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.
4. లోపల చీకటిగా ఉంటుంది. కాసేపు నిలబడితే కళ్ళకు అలవాటై అన్నీ కనబడతాయి. తొందరపడి బయటికి రావద్దు.

— 9వ తరగతి విద్యార్థిని